బూట్ కాని ఓవర్‌క్లాక్, నిలవని ఓవర్‌క్లాక్: అనంతపురం ఎండల లెక్కతో పీసీని దారికి తెచ్చుకోవడం

జనవరిలో ఓ రాత్రి నా రైజెన్ 5 5600 ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగానికి మించి పరిగెత్తించి, ఆరు కోర్లనూ 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టాను. వోల్టేజీ 1.275. గంటసేపు ఓసీసీటీ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడిపినా ఒక్క ఎర్రర్ రాలేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మూడింటికి అదే పీసీ ఆట మధ్యలో బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, స్పీకర్‌లో ఒకటే గర్రుమనే శబ్దం. బయాస్‌లో (బోర్డు సెట్టింగులుండే చోటు) ఒక్క అంకె కూడా మార్చలేదు. మారిందల్లా గది. జనవరిలో 22 డిగ్రీలున్న మా మిద్దె మీద గది ఏప్రిల్‌కు 38కి చేరింది.

ఓవర్‌క్లాకింగ్ మీద మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు చెప్పినవే. ఇక్కడ అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై దాటడం మామూలే. డాబా ఇల్లయితే రాత్రి పదింటికి కూడా పైకప్పు సెగలు కక్కుతూనే ఉంటుంది. అందుకే చలికాలంలో పాసైన సెట్టింగ్‌ను నేను పాసైనట్టు లెక్కవేయను. దాని అసలు పరీక్ష మే మధ్యాహ్నమే.

మొదలుపెట్టకముందు

ముందు మీ సిస్టమ్‌కు ఆ వీలుందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో ప్రాసెసర్ పేరు చివర కె అక్షరం ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్ అయి ఉండాలి. ర్యామ్ వరకైతే బీ560, బీ660 లాంటి బోర్డులు కూడా ఒప్పుకుంటాయి, హెచ్610 ఒప్పుకోదు. ఏఎండీ రైజెన్‌లు దాదాపు అన్నీ తెరిచే వస్తాయి కానీ ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ వేగం పెంచుకోలేరు. 5800ఎక్స్3డీ లాంటి చిప్‌లకు వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌కే తాళం ఉంటుంది.

తర్వాతది చాలామంది వదిలేసే పని. అన్నీ డిఫాల్ట్‌లో పెట్టి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగానికి ఎక్కించే సెట్టింగ్) కూడా ఆపేసి, ఒక రోజు వాడండి. ఓ గంట ఓసీసీటీ, ఓ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. అసలు స్పీడులోనే తడబడే సిస్టమ్‌ను ఓవర్‌క్లాక్ చేసి, ఆ తర్వాత తప్పు ఎక్కడుందని వెతికితే దొరకదు. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో కొన్ని మామూలు సెట్టింగుల్లోనే అస్థిరంగా మారుతున్నాయని 2024లో తేలింది. అవసరానికి మించి వోల్టేజీ అడగడమే కారణమని చెప్పి, ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో జీరో ఎక్స్ 12బీ పేరుతో మరొకటి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీని కూడా రెండేళ్లు పొడిగించింది. ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు కాబట్టి, అప్‌డేట్ తర్వాత కూడా డిఫాల్ట్‌లో క్రాష్ అవుతుంటే ఓవర్‌క్లాక్ మాట మరిచిపోయి వారంటీకి వెళ్లండి.

విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. బయాస్ రీసెట్ చేశాక ఆ 48 అంకెలు అడిగితే, అవి లేనివాడి డేటాకు దిక్కులేదు.

బయాస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, గది వేడి, మార్చిన ఒక్క సెట్టింగ్, ఫలితం, అంతే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ముంచిందో, ఏది తేల్చిందో తెలియదు.

కరెంటు, ఎర్త్

నా దగ్గరికి వచ్చే పీసీల్లో ఓవర్‌క్లాక్ నిలవట్లేదని చెప్పిన కొన్నింటికి అసలు జబ్బు గోడలోనే ఉంటుంది. పక్కన బోరు మోటారు ఆన్ చేసినప్పుడల్లా లైట్లు మసకబారే ఇల్లయితే మీ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) కూడా ఆ దెబ్బ తింటోందని అర్థం. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు ఆగిన తర్వాత సుమారు 16 మిల్లీసెకన్ల పాటు సిస్టమ్‌ను నిలబెట్టాలి. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవర్తనానికి పట్టేదే 20 మిల్లీసెకన్లు. అంటే ఆ ఊపిరి ఒక్క ఆవర్తనం కూడా ఆగదు. ఓవర్‌క్లాక్‌తో లోడు పెరిగితే ఇంకా కురచబడుతుంది. పీసీ ఎప్పుడు రీస్టార్ట్ అయిందో టైమ్ రాసిపెట్టండి. ఆ టైమ్‌లు మోటారు ఆన్ చేసే వేళలతో కలిస్తే, ప్రాసెసర్ వోల్టేజీ ఎంత పెంచినా లాభం లేదు.

ఇంటి ఇన్వర్టర్ మీద పీసీ నడిపేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీదికి మారినప్పుడు ఇచ్చే కరెంటు, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సరిగ్గా వాడుకునే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నింటికి పడదు. మారిన క్షణంలోనే సిస్టమ్ ఆగిపోతుంది. కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి తీసుకోండి.

ఇక ఎర్త్. క్యాబినెట్‌ను చేత్తో తాకితే జివ్వుమంటోందంటే మీ మూడో పిన్నుకు ఎర్త్ అందట్లేదు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే చిన్న లీకేజీ కరెంటుకు నేలలోకి దారి లేక అది మీ చేతిని వెతుక్కుంటోంది. మన దగ్గర దీనికి ఒక ప్రత్యేక కారణముంది. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చినా నేల పూర్తిగా ఎండితే కరెంటు పారదు. వానలే అంతంతమాత్రంగా ఉండే జిల్లా ఇది. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. నవ్వొచ్చినా సరే, మా వీధిలో రెండు ఇళ్లలో ఆ జివ్వుమనడం అలాగే పోయింది. అప్పటికీ పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ లేని ప్లగ్గుతో క్యాబినెట్ తెరిచి లోపల చేతులు పెట్టొద్దు.

డిస్‌ప్లే రావట్లేదు

సెట్టింగ్ మార్చారు, సేవ్ కొట్టారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. ఇక్కడే టెన్షన్‌తో అందరూ చేసే తప్పు, పది సెకన్లకే స్విచ్ ఆపేయడం. ఆగండి. ర్యామ్ వేగం మారినప్పుడు బోర్డు ర్యామ్‌తో కొత్తగా సర్దుబాటు చేసుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్4లో ఇది కొద్దిసేపట్లో ముగుస్తుంది. డీడీఆర్5లో, ముఖ్యంగా ఏఎం5 (రైజెన్ 7000, ఆ తర్వాతివి కూర్చునే) బోర్డుల్లో కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ర్యామ్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. తానే ఆగి తానే రెండు మూడుసార్లు ఆన్ అయినా కంగారు పడక్కర్లేదు. చాలా బోర్డులు కొన్నిసార్లు ప్రయత్నించి విఫలమయ్యాక తమంతట తామే సేఫ్ సెట్టింగులతో లేచి, ఓవర్‌క్లాక్ ఫెయిలైందని చెప్తాయి. డీడీఆర్4 అయితే అయిదు నిమిషాలు, డీడీఆర్5 అయితే పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ ఆగండి.

ఈలోపు బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. ఏది వెలిగి ఆగిపోయిందో బోర్డు అక్కడే ఆగింది. డీర్యామ్ లైటు దగ్గర ఆగితే ర్యామ్ వేగం లేదా దాని వోల్టేజీ. సీపీయూ దగ్గరైతే మల్టిప్లయర్, కోర్ వోల్టేజీ, లేదా ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది పిన్నుల వైరు వదులు కావడం. వీజీఏ అయితే గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్‌లో సరిగా కూర్చోకపోవడమో, ఇంకా సులువుగా, మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాక బోర్డుకు గుచ్చి ఉండడమో. బూట్ దాకా వచ్చి ఆగితే ఓవర్‌క్లాక్ పెద్దగా తప్పు చేయలేదు, డిస్క్ సంగతి చూడాలి. లైట్లు లేని పాత బోర్డయితే బజర్ స్పీకర్ ఒకటి తెచ్చి గుచ్చి, బీప్‌లు లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చుకోండి.

అప్పటికీ లేవకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బయాస్ సెట్టింగులను చెరిపేయాలి. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, గోడ నుంచి వైరు పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. మాన్యువల్ చూసి బోర్డు మీద సీఎల్ఆర్ సీమాస్ అనో, సీఎల్ఆర్‌టీసీ అనో, జేబ్యాట్1 అనో రాసి ఉన్న రెండు పిన్నులు వెతకండి. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండింటినీ కలిపి పది సెకన్లు పట్టుకోండి. పక్క పిన్నులకు తగలనీయొద్దు. పిన్నులు దొరక్కపోతే రూపాయి బిళ్లంత ఉన్న సీఆర్2032 బ్యాటరీని తీసి పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ వేయండి. ఆ బ్యాటరీ 3 వోల్టులది. నాలుగైదేళ్లు దాటితే ఎలాగూ మార్చండి. బ్యాటరీ దిగిపోయినందుకే సెట్టింగులు మరిచిపోతుంటే, దాన్ని ఓవర్‌క్లాక్ ఫెయిలైందనుకొని వారాల తరబడి తిప్పలు పడ్డవాళ్లు ఉన్నారు.

మా కాలేజీ జూనియర్ ఒకడు పోయినేడాది ఏడుపు ముఖంతో వచ్చాడు. "అన్నా, బోర్డు పోయిందంట, కొత్తది కొనాలంట" అన్నాడు. ఎవరన్నారంటే ఓ రిపేరు షాపువాళ్లు. క్యాబినెట్ తెరిచి పిన్నులు కలిపాను, రెండు నిమిషాల్లో డిస్‌ప్లే వచ్చింది. వాడు ర్యామ్ వోల్టేజీ ఆటోలో వదిలేసి వేగం మాత్రం ఒకేసారి నాలుగు మెట్లు ఎక్కించాడు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి కొత్త బోర్డు తేవాలని అప్పటికే బస్సు టికెట్ కూడా తీసుకున్నాడు.

సీమాస్ క్లియర్ చేసినా డిస్‌ప్లే లేదా? ర్యామ్ అంతా పీకేసి ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో పెట్టడం సాధారణ పద్ధతి. అది పనిచేయకపోతే రెండో ర్యామ్. బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో పాత అలవాటు. పనిచేస్తుంది, కానీ ఆ రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బట్ట మేలు. మన పొడి గాలిలో స్టాటిక్ కూడా ఎక్కువ. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నేరుగా ర్యామ్ పట్టుకోకండి, ముందు క్యాబినెట్ ఇనుము భాగాన్ని తాకండి.

డిస్‌ప్లే వచ్చాక విండోస్ లోడవకుండా నీలి తెర వచ్చి ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అంటే భయపడొద్దు. రీసెట్‌తో డిస్క్ మోడ్ మారిపోయి ఉంటుంది. మీరు తీసిన ఫోటో చూసి ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ, సీఎస్ఎం సెట్టింగులను మునుపటిలాగే పెడితే చాలు. విండోస్ మళ్లీ వేయడం మొదలుపెట్టకండి.

బూట్ అవుతుంది, కానీ నిలవదు

డిస్‌ప్లే రాకపోవడం కంటే ఇది మొండిది. చేయి ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, పడిపోయిన తీరు చూడాలి.

నీలి తెర రాకుండా, హెచ్చరిక లేకుండా స్విచ్ తీసేసినట్టు పూర్తిగా ఆగిపోతే రెండే అనుమానాలు. ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం ఆపేసింది, లేదా ప్రాసెసర్ హద్దు మీరిన వేడికి ఆగింది. బిగుసుకుపోయి కదలకపోతే ఎక్కువగా కోర్ వోల్టేజీ చాలక. ఒక ఆట మాత్రమే మూసుకుపోయి డెస్క్‌టాప్‌కు వస్తే, లేదా జిప్ ఫైల్ విప్పుతుంటే పాడైందని అంటే, ర్యామ్ మీద కన్నేయండి. బరువు పనిలో చక్కగా ఉండి, ఏమీ చేయకుండా టీ తాగుతున్నప్పుడు రీస్టార్ట్ అయితే కర్వ్ ఆప్టిమైజర్‌లో (రైజెన్‌లో ఒక్కో కోర్ వోల్టేజీని తగ్గించే సెట్టింగ్) మైనస్ ఎక్కువ పెట్టినవాళ్ల గొడవ అది. దాని సంగతి కింద చెప్తాను.

నీలి తెర మీది పేర్లు కూడా దారి చూపుతాయి. క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్, డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే ముందు ప్రాసెసర్ వైపు చూడండి. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా అంటే ర్యామ్ వైపు. వీటిని వేదవాక్కుగా తీసుకోకండి. చెడ్డ డ్రైవర్ కూడా అవే పేర్లు పలికించగలదు. ఒకే సెట్టింగ్ మీద ప్రతిసారీ వేరు వేరు పేర్లు వస్తుంటే మాత్రం నా అనుభవంలో తొంభై శాతం ర్యామే.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. అక్కడ ఎర్రగా కనిపించే కెర్నల్ పవర్ 41 చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ కొనేస్తారు. అది చెప్పేది, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఎందుకు కాలేదో అది చెప్పదు. పనికొచ్చేది, హార్డ్‌వేర్ ఎర్రర్లను నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్. 19 నంబరు వస్తుంటే ఎర్రర్‌ను హార్డ్‌వేర్ సరిదిద్దుకుంటోంది, అంటే అంచు మీద నడుస్తున్నారు. 18 అంటే సరిదిద్దుకోలేక పడిపోయింది. అందులో ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. ఆరు కోర్ల రైజెన్‌లో కోర్‌కు రెండు ఐడీలు కాబట్టి, దాన్ని రెండుతో భాగిస్తే సాధారణంగా ఏ కోర్ తడబడిందో తెలుస్తుంది.

ముందు ర్యామ్, తర్వాతే ప్రాసెసర్

ఈ వరుస మార్చొద్దు. ర్యామ్ తప్పు చేస్తూ ఉంటే ప్రాసెసర్ మీద చేసే ప్రతి పరీక్షా అబద్ధం చెప్తుంది. పైగా చెడ్డ ర్యామ్ సెట్టింగ్‌తో విండోస్‌లోకి పోవడమంటే సిస్టమ్ ఫైళ్లను మీ చేతులతో మీరే పాడుచేసుకోవడం. అందుకే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని విండోస్ దాకా పోకుండానే పరీక్షించండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకుంటే సరి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఒక్కటేగా అని సరిపెట్టుకోకండి.

ఎక్స్‌ఎంపీ, ఏఎండీలో దాని రూపమైన ఎక్స్‌పో ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకే అని చాలామందికి తెలియదు. డీడీఆర్4కు మామూలు వోల్టేజీ 1.2, ఎక్స్‌ఎంపీలో 1.35. పెట్టె మీద 3600 అని రాసినంత మాత్రాన మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఒప్పుకోవాలనేమీ లేదు. అక్కడ ఫెయిలైతే నేను ఈ వరుసలో పోతాను. మొదట బయాస్ అప్‌డేట్. రెండోది, ర్యామ్ వోల్టేజీ 1.35 నుంచి 1.38కి. మూడోది, వేగం ఒక మెట్టు దించడం, 3600 నుంచి 3466కో 3400కో. రైజెన్ 5000లో ఫ్యాబ్రిక్ క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి వేగం) ర్యామ్ వేగంలో సగం ఉండేలా చూడండి, 3600కు 1800. ఇది ఆటోలో తప్పుగా కూర్చుంటే ర్యామ్ వేగం పెంచినా సిస్టమ్ నెమ్మదిస్తుంది. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతివైతే గేర్ 1లో (కంట్రోలర్, ర్యామ్ ఒకే వేగం) నిలవని వేగం గేర్ 2లో (కంట్రోలర్ సగం వేగం) నిలవచ్చు.

రెండు ర్యామ్‌లతో నిలిచిన వేగం నాలుగింటితో నిలవకపోవచ్చు. వేరు వేరు ప్యాకెట్లలో కొన్న ర్యామ్‌లను కలిపితే ఇంకా కష్టం. ఒకే బ్రాండైనా లోపలి చిప్పులు వేరుగా ఉండొచ్చు.

ఏఎం5 వాడేవాళ్లు ఎస్ఓసీ వోల్టేజీ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 దాటనీయకండి. 2023లో కొన్ని 7000 సిరీస్ ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాక ఏఎండీ పెట్టిన హద్దు అది. అప్పటి పాత బయాస్ ఇంకా ఉంటే ఎక్స్‌పో ముట్టుకోకముందే మార్చేయండి.

ప్రాసెసర్: వోల్టేజీకి చెల్లించే వడ్డీ

చిప్పు తాగే కరెంటు వేగంతో పాటు మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో పాటు దాని వర్గంగా పెరుగుతుంది. 1.2 వోల్టుల నుంచి 1.3కి పోతే వేగం మార్చకపోయినా 17 శాతం ఎక్కువ. దాంతో పాటు వేగం 4.2 నుంచి 4.6కి పెంచితే మొత్తం దాదాపు 28 శాతం. డిఫాల్ట్‌లో నా ప్రాసెసర్ 76 వాట్ల హద్దు లోపలే ఉంటుంది. మల్టిప్లయర్‌ను చేత్తో పెట్టిన మరుక్షణం ఆ హద్దు లెక్కలోకి రాదు. వంద వాట్లు దాటడం పెద్ద విషయం కాదు. డిఫాల్ట్‌గా ఇచ్చిన చిన్న కూలర్‌తో ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే, మొదటి డబ్బు కూలర్ మీద పెట్టండి.

వేగాన్ని చిన్న మెట్లలో పెంచండి, రైజెన్‌లో 25 లేదా 50 మెగాహెర్ట్జ్, ఇంటెల్‌లో 100. ప్రతి మెట్టు దగ్గరా సినీబెంచ్ అనే పరీక్ష పది నిమిషాలు. పడిపోతే వోల్టేజీ 0.0125 పెంచి మళ్లీ చూడండి. రెండు మెట్ల వోల్టేజీ పెంచినా ఒక్క మెట్టు వేగం నిలవకపోతే ఆ చిప్పు సత్తా అంతే, వెనక్కి రండి. పక్కవాడి చిప్పు 4.7 పోయిందని మనదీ పోవాలని లేదు. నిత్యవాడకానికి రైజెన్ 5000లో అన్ని కోర్లకూ 1.3 దాటకూడదని నా సొంత గీత. చిప్పు తానే ఒక కోర్‌కు క్షణకాలం 1.45 ఇచ్చుకోవడం వేరు, మనం అన్ని కోర్లకూ రోజంతా ఇవ్వడం వేరు.

బరువు పడగానే వోల్టేజీ కొంచెం కిందికి జారుతుంది. బయాస్‌లో 1.275 పెట్టినా లోడులో 1.23 కనిపించొచ్చు. ఈ జారుడును తగ్గించేదే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్. దాన్ని చివరి మెట్టుకు పెడితే జారుడు పోతుంది కానీ లోడు దిగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు కూడా. మధ్య మెట్టు చాలు. కొన్ని బోర్డుల్లో మెట్టు 1 అంటే గట్టిది, కొన్నింట్లో మెత్తటిది. పక్కనున్న గ్రాఫ్ బొమ్మ చూసి పెట్టండి.

సినీబెంచ్ పాసైన సెట్టింగ్‌కు ఓసీసీటీ ఒక గంట, ఆ తర్వాత ప్రైమ్95. అందులో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష ప్రాసెసర్‌ను మాడ్చేస్తుంది. దాన్ని వేడి కొలవడానికి పావుగంట వాడితే చాలు. లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ ర్యామ్‌ను, కంట్రోలర్‌ను కూడా కలిపి ఒత్తుతుంది, నాకు దాని మీదే నమ్మకం ఎక్కువ. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకొని వేడి, లోడులో అసలు వోల్టేజీ, డబ్ల్యూహెచ్‌ఈఏ లెక్క చూస్తూ ఉండండి.

ఇక టీ తాగుతుంటే పడిపోయే పీసీ. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టేసి, పెద్ద పరీక్షలన్నీ పాసయ్యాయని మురిసిపోతారు. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు వేగం తక్కువ కాబట్టి ఆ తగ్గించిన వోల్టేజీ సరిపోతుంది. ఒక్క కోరే పనిచేసే వేళ అది తన గరిష్ఠ వేగానికి ఎగురుతుంది, అక్కడ చాలదు. కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్ట్ ఒక్కో కోర్‌ను విడిగా ఒత్తి చూస్తుంది. రాత్రంతా నడపండి. ఏ కోర్ పడిపోయిందో దానికి మాత్రం మైనస్‌ను అయిదు మెట్లు తగ్గించండి, మైనస్ 30 ఉంటే మైనస్ 25కి. సాధారణంగా చిప్పులోని మంచి కోర్లే ఎక్కువ మైనస్‌కు ఒప్పుకోవు, ఎందుకంటే అవి అప్పటికే ఎక్కువ వేగం మోస్తున్నాయి.

గ్రాఫిక్స్ కార్డ్ గురించి రెండు మాటలు

ఇది బూట్‌ను చెడగొట్టదు, ఎందుకంటే కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు విండోస్ లేచాకే అమలవుతాయి. స్టార్టప్‌లో అప్లై చేయమనే టిక్ మాత్రం చివరిదాకా పెట్టకండి. పెట్టి ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి పోయి తీసేయండి. మెమరీ వేగం పెంచేటప్పుడు తెర మీద చుక్కలు వచ్చేదాకా ఆగకండి. చాలా కొత్త కార్డులు ఎర్రర్లను సరిదిద్దుకుంటూ నెమ్మదిస్తాయి. వేగం పెంచాక ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) తగ్గిందంటే హద్దు దాటారు.

మే నెలను జనవరిలోనే కొలవడం

ప్రాసెసర్ వేడిని ఒంటరి అంకెగా చూడకండి, గది వేడిని తీసేసి చూడండి. జనవరిలో నా గది 22, ఓసీసీటీలో ప్రాసెసర్ 76. తేడా 54. కూలర్, ఫ్యాన్ వేగం, సెట్టింగ్ మారనంత వరకు ఈ తేడా దాదాపు అంతే ఉంటుంది. గది 39 అయితే 93. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ ఇచ్చిన గరిష్ఠ హద్దు 90. ఈ చిన్న కూడిక జనవరిలోనే చేసి ఉంటే ఏప్రిల్‌లో ఆట పోయేది కాదు. 90కి చేరకముందే కూడా ఇబ్బంది ఉంటుంది. వేడెక్కేకొద్దీ అదే వోల్టేజీతో అదే వేగాన్ని అందుకోవడం చిప్పుకు కష్టమవుతుంది. చలిలో బొటాబొటిగా సరిపోయిన వోల్టేజీ ఎండలో చాలదు. వోల్టేజీ పెంచుదామా అంటే వేడి ఇంకా పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

కాబట్టి ఎండాకాలానికి వెనక్కి రావడమే దారి. 4.6 నుంచి 4.4కి దిగాను, వోల్టేజీ 1.275 నుంచి 1.2కి. వేగంలో పోయింది 4 శాతం చిల్లర. కరెంటు, వేడి లెక్క ప్రకారం 15 శాతం తగ్గాయి. 54 తేడా 46 అయింది, అంటే 39 డిగ్రీల గదిలో కూడా 85. ఆటలో ఆ 4 శాతం తేడా నాకు ఇంతవరకూ కంటికి ఆనలేదు.

ఆషాఢం గాలి మొదలైతే ఎర్రమట్టి దుమ్ము ఇల్లంతా చేరుతుంది. ముందు ఫ్యాన్ల దగ్గరి జాలి పదిహేను రోజులకోసారి దులపండి, కూలర్ రెక్కలు మూడు నెలలకోసారి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు. మన పొడి గాలికి నీళ్ల ఎయిర్ కూలర్ భలే పనిచేస్తుంది, గదిని చల్లబరిచి పీసీకీ మేలు చేస్తుంది. కానీ దాని గాలిని నేరుగా క్యాబినెట్ ముఖాన కొట్టనీయకండి. తేమ, దుమ్ము కలిసి రెక్కల మీద పట్టే బంకమట్టి బ్లోయర్‌కు లొంగదు. కిటికీ తెరిచి, కూలర్‌ను పక్కకు తిప్పి పెట్టండి.

బయాస్‌లో ప్రొఫైల్ దాచుకునే వీలుంటుంది. నాకు రెండున్నాయి, ఒకటి చలి, ఒకటి ఎండ. ఉగాది దాటాక ఇంట్లోకి కొత్త కుండ దిగిన రోజున ఎండ ప్రొఫైల్ ఎక్కిస్తాను, దీపావళి అయ్యాక చలిది. రెండింటినీ పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి, బయాస్ అప్‌డేట్ చేస్తే బోర్డులో దాచినవి చెరిగిపోతాయి. కొన్నిసార్లు కొత్త బయాస్ పాత ప్రొఫైల్‌ను తీసుకోదు కూడా. అప్పుడు ఫోన్‌లోని ఫోటోలు చూసుకుంటూ ఒక్కొక్కటే చేత్తో ఎక్కించండి, మొదట ర్యామ్, రాత్రికి మెమ్‌టెస్ట్, మర్నాడు ప్రాసెసర్.